కొండకు పోమని చెప్పిన మాట

"అత్తా, ఒక్క తావున కూర్చోని చెప్పు. నువ్వు వాకిట్లో తిరుగుతా చెప్తాంటే నాకు సగం వినపడ్డంలే" అంటోంది మా అన్న కూతురు. రాసేది తనే. నాకు నా పేరు రాయడం వచ్చు, బస్సు మీది ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. కూర్చోలేను తల్లీ, నువ్వే గడప దగ్గరికి జరుగు అన్నాను. జరిగింది.

నేను కూర్చోలేకపోవడం కొత్త కాదు. ఎమ్మిగనూరులో మా పుట్టిల్లు మగ్గం ఇల్లు. పొద్దున గుంటలో కాళ్లు పెట్టుకుని మగ్గం ముందు కూర్చుంటే అన్నం వేళ దాకా మా అమ్మ కదిలేది కాదు. నేను మూరెడు గుడ్డ నేసేలోపల నాలుగుసార్లు లేచేదాన్ని. దీని కాళ్లల్లో చీమలున్నాయని మా నాయన నవ్వేవాడు. అందుకేనేమో నన్ను మగ్గం లేని ఇంటికి ఇచ్చారు. ఆదోనికి ఇవతల, కొండ కింద ఊరు. నా పెనిమిటి ఆదోనిలో జిన్నింగు మిల్లులో పనికి పోయేవాడు. ఆ దూది దుమ్ము మింగి మింగి, చివరికి దగ్గుతోనే పోయాడు.

ఆయన పోయాక నేను ఇంట్లో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతూ ఉండేదాన్ని. వానలు పడ్డాక ఒక పొద్దున మా తోడికోడలు వచ్చి నా చేతికి గంప ఇచ్చింది. నాకంటే చిన్నది, నోరు పెద్దది.

"తిరిగేదేదో కొండ మీద తిరుగుదువు రా అక్కా. ఈడ తిరిగితే ఏమొస్తాది, గోడలు అరగడం తప్ప."

అప్పటి నుంచి ఆ కొండే నాకు కూడు పెట్టింది. వానలు వెనకపట్టాక రెండు నెలలు సీతాఫలం. మిగతా కాలం చీపురుగడ్డి, కొంచెం చింతపండు. సీతాఫలం కోయడం సులువైన పనిలా కనపడుతుంది గానీ తెలియని వాళ్లు కోస్తే చెట్టు పాడు, కాయ పాడు. కాయ మీద గడుల మధ్య సందులు విచ్చుకుని తెల్లబడాలి. కన్ను తెరిచింది అంటాం మేము. కన్ను తెరవని కాయ కోస్తే గంపలో నల్లబడి రాయి అవుతుంది. తెరిచి రెండు రోజులైన కాయను పిట్టలు ఉంచవు. అందుకని ఒకే చెట్టు దగ్గరికి రోజు మార్చి రోజు పోవాలి. ఏ చెట్టు ఎప్పుడు తెరుస్తుందో నాకు తెలుసు. నిద్రలో అడిగినా చెబుతాను.

పైకి పోయే దారిలో ఒక పెద్ద బండ ఉంది. దాని నుదుటికి తేనెతుట్టెలు వేలాడుతూ ఉంటాయి, ఒక్కొక్కటి చేటంత. ఆ బండ కిందుగానే దారి. అక్కడికి వచ్చేసరికి ఆడవాళ్లు మాట ఆపేస్తారు. జడలో పూలు తీసి ఒక చదును రాయి మీద పెడతారు, వాసనకు తేనెటీగలు కదులుతాయని. దిగి వచ్చేటప్పుడు ఎవరి పూలు వాళ్లు తీసుకుని పెట్టుకుంటారు. మా అత్తకు వాళ్ల అత్త నేర్పిన పద్ధతి. మొదటి ఏడు నా చెయ్యి అలవాటు కొద్దీ జడ మీదికి పోయింది. అక్కడ తీయడానికి ఏమీ లేదు. వాళ్లు పూలు తీసి పెట్టేదాకా నిలబడడం ఎందుకని నేను ముందు నడిచాను. అప్పటి నుంచి ఆ బండ కింద ఎప్పుడూ నేనే ముందు.

ఆ కొండ సర్కారు అడవి. అడుగున బోర్డు ఉంది, లోపలికి పోరాదని. చదవడం రాకపోయినా దాని అర్థం మాకు బాగా తెలుసు. గార్డు దొరకబట్టాడంటే గంప పోతుంది, కొడవలి పోతుంది, ఆఫీసు ముందు ఎండలో పూటంతా కూర్చోబెడతాడు. అందుకని ఈ వీధికి కొత్త కోడలు వస్తే గంప ఎలా ఎత్తుకోవాలో చెప్పే ముందు మేము ఒక మాట నేర్పిస్తాం. ప్యాంటు వేసుకున్న వాళ్లు ఎవరొచ్చి అడిగినా కొండకు పోతామని ఒప్పుకోవద్దు. పోము. అంతే. ఆ మాట మా నోట్లో ఎంత అరిగిపోయిందంటే, ఎవరు అడుగుతున్నారో ఎందుకు అడుగుతున్నారో చూసుకోం.

మొన్నటి సీతాఫలాల కాలంలో ఒక పాప వచ్చింది. జీపు దిగి, మెడలో కార్డు వేసుకుని, చేతిలో పలకలాంటి ఫోను పట్టుకుని మా వీధికి వచ్చింది. ప్యాంటే వేసుకుంది. మేము ఆరుమంది నా అరుగు మీద కాయలు ఏరుతున్నాం. జీపు చప్పుడు వినగానే గంపలన్నీ లోపలికి పోయాయి, మీద గోనెపట్టాలు పడ్డాయి.

"అమ్మా, మీరు కొండ మీదికి వెళ్తుంటారా?" అంది, ఎంతో మర్యాదగా.

"లేదమ్మా. మాకేం పని ఆడ?" అన్నాను నేను. ముందు నేనే అన్నాను. అది దాచను.

"కట్టెలకి, మేకలు మేపడానికి, పళ్లకి?"

మా తోడికోడలు కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎదురుగా ఊరంత ఉన్న కొండను చూస్తూ అడిగింది. "కొండా? ఏ కొండ తల్లీ?"

"అదిగో, అదే."

"ఓ, అదా! మేం దాని దిక్కు కూడా సూడం. ఎలుగొడ్లు ఉంటాయంట. బయం మాకు."

ఉంటాయంట! ఆ పొద్దునే ఎలుగుబంటి పేడ చూసి, రాత్రి సీతాఫలాలు తిన్నట్టుంది అని చెప్పిన మనిషి తను. మేము కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నాం. ఆ పాప ముక్కు ఎగబీల్చి, ఇల్లంతా సీతాఫలం వాసన వస్తోందే అంది. ఆదోని మార్కెట్లో కొన్నవి, తోట కాయలు అని చెప్పి నేను లోపలికి పోయి రెండు మంచివి తెచ్చి ఇచ్చాను. అక్కడే తిన్నది. గింజలు కింద ఉమ్మకుండా అరచేతిలో పట్టుకుంది. తిన్నంతసేపూ మేము చెప్పింది చెప్పినట్టు ఆ పలకలో కొట్టుకుంది. జీపు పోయాక మేము నవ్విన నవ్వు ఇంకా నా చెవిలో ఉంది. గట్టిదాన్ని బోల్తా కొట్టించామనుకున్నాం.

ఆ తర్వాత కొద్ది రోజులకు, మేము నలుగురం ఆ తేనె బండ దాటి పైన చెట్ల దగ్గర ఉండగా చప్పుడు మొదలైంది. మిల్లులో మిషన్లన్నీ ఒక్కసారి ఆడించినట్టుంది. నా పెనిమిటి మిల్లు చూడడానికి ఒకసారి పోయాను, అప్పుడు విన్న చప్పుడు అది. తలెత్తితే హెలికాప్టరు. బండ చుట్టూ తిరుగుతోంది, అద్దంలో మనుషులు కనపడేటంత దగ్గరగా. ఎర్ర చొక్కా మనిషి ఒకడు మా వైపు చెయ్యి ఊపాడు. చెప్పడానికి సిగ్గు, నేను కూడా ఊపాను.

ఊపిన చెయ్యి దించలేదు, ఆ బండకు కప్పిన నల్ల గొంగడి జారి గాలిలోకి లేచింది. ఈగలు.

గోనెపట్టా కప్పుకుని బోర్లా పడుకోమని అరిచాను. ముగ్గురం పడుకున్నాం. మా తోడికోడలు కాయల గంప వదల్లేక గంపతో పరుగెత్తింది. కొండ దిగేసరికి దాని మొహం మొహంలా లేదు, కళ్లు మూసుకుపోయాయి. ఆటోలో ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయాం. చేతుల నిండా ముళ్లు పీకుతూ డాక్టరమ్మ అడిగింది.

"ఇన్ని ఎక్కడ కుట్టాయి?"

"పెరట్లో" అంది మా తోడికోడలు, పెదాలు వాచి మాట సరిగా రాకపోయినా. "మునగచెట్టుకు పట్టు పెట్టినాయి."

"మునగచెట్టుకా? ఇవి కొండ ఈగలు కదమ్మా."

"మా మునగచెట్టు పెద్దది."

డాక్టరమ్మ నా మొహం చూసింది. నేను గోడ మీది బల్లిని చూశాను. పెరడు అని రాసుకుంది.

మా ఊళ్లో ఆ వారమంతా హెలికాప్టరు మాటే. ఏదో కంపెనీ వాళ్లు ఆదోని నుంచి మనుషులను ఎక్కించుకుని కొండల మీద తిప్పి, మా కొండ పైన చదును మీద దింపి, ఫోటోలు తీసుకోనిచ్చి మళ్లీ తీసుకుపోతారంట. మొన్న వచ్చింది ముందుగా చూసిపోవడానికంట. ఊరికి పేరొస్తుందని కొందరు, టీ కొట్లు పెట్టుకోవచ్చని కొందరు. నాకు వాళ్ల మీద కోపం లేదు. నిజం చెప్పాలంటే, పైనుంచి మా ఊరు ఎలా ఉంటుందో చూడాలని నాకూ ఆశే.

అటు తర్వాత పంచాయతీ ఆఫీసు గోడకు కాగితాలు అంటించారు. హెలికాప్టర్లు తిరిగితే అడవికి, జంతువులకు, మనుషులకు ఏమవుతుందో చూసి రాసిన రిపోర్టు అన్నారు. దాని మీద అందరి ఎదుట మీటింగు ఉంటుంది, చెప్పేవాళ్లు వచ్చి చెప్పుకోవచ్చు అన్నారు. నేను సెక్రటరీని పట్టుకుని చదివించుకున్నాను. పిట్టల గురించి ఉంది. ఎలుగుబంట్ల గురించి ఉంది. ధ్వని గురించి ఉంది. ఆ తర్వాత ఇలా చదివాడు.

"కొండపై జనసంచారం లేదు. సమీప నివాసితులు కొండను ఏ అవసరానికీ ఉపయోగించడం లేదని స్వయంగా తెలిపారు. కావున కాలిబాటను మూసివేసి, పైభాగం చుట్టూ కంచె ఏర్పాటు చేయుటవలన ఎవరికీ నష్టం లేదు."

"నివాసితులంటే ఎవరప్పా?"

"ఇంకెవరు పెద్దమ్మా, మీరే. మీ వీధి అని రాసినారు సూడు ఈడ."

మళ్లీ చదవమన్నాను. మళ్లీ చదివాడు. మూడోసారి అడిగితే, "ఎన్నిసార్లు సదివినా అదే ఉంటాది పెద్దమ్మా" అన్నాడు.

ఇంటికి వచ్చాను. పొయ్యి వెలిగించి, అన్నం పెట్టకుండా బయటికి వచ్చాను. వాకిలి ఊడ్చాను, ఊడ్చిందే మళ్లీ ఊడ్చాను. మాకు నష్టం లేదన్న మాట ఆ పాప పుట్టించింది కాదు. నేను చెప్పాను, తను రాసింది. కొండ దారి మూసేస్తే నేను తినేది ఏమిటి? అలాగని మీటింగులో లేచి పోతామని చెబితే, అక్కడ గార్డు ఉంటాడు, వాడి పైఆఫీసరు ఉంటాడు. నా నోటితో నేనే దొంగనని ఒప్పుకున్నట్టు. చెబితే కేసు. చెప్పకపోతే కొండ పోయినట్టు. మూడు రోజులు ఇదే.

మా తోడికోడలు మొహం వాపు తగ్గి, నల్ల చుక్కలు మిగిలాయి. దానితో చెప్పాను.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా అక్కా? వాళ్ల ముందర పోయి నేను అడివిలో దూరినా, నన్ను పట్టుకోండి అంటావా?"

"మరి దారి మూసేస్తే?"

"మూసినప్పుడు సూద్దాం. కంచెకు కన్నం ఉండదా?"

"మే, నీ మొహం అద్దంలో సూసుకున్యావా? హెలికాప్టరు ఒక్కసారి వచ్చినందుకే ఇట్లయితే, దినామూ వస్తే? కన్నంలో దూరి ఏం చేస్తావు, ఈగలకు ముద్దులు పెడతావా?"

"ముందు పోము అనింది ఎవురు? నువ్వే గదా!"

మరునాడు పొద్దున బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాను. ఎందుకు పోయానంటే చెప్పలేను. కాళ్లు ఊరికే ఉండలేదు. మా అన్న మగ్గం ముందు ఉన్నాడు, నేయడం లేదు, విప్పుతున్నాడు. అంచులో ఒక రంగు పోగు బదులు ఇంకొకటి పడిందంట, చూసుకోకుండా జానెడు నేశాడు. ఒక్కో పోగూ వెనక్కి లాగి కండెకు చుట్టుకుంటున్నాడు. నేను పక్కన నిలబడి చూశాను.

"కోసేయకూడదా?"

"కోస్తే పడుగు కూడా పోతాది. ఇదయితే మనం తిరిగి నేయొచ్చు."

"యాడిదాకా విప్పాల?"

"తప్పు పడిన కాడిదాకా. ఏంది, సిన్నపిల్ల మాదిరి అడుగుతాండావు? కూర్చో, అన్నం తిను."

తినలేదు. వచ్చిన బస్సు ఆదోనికి తిరిగి పోయేలోపలే స్టాండుకు పోయి అదే బస్సులో వచ్చేశాను. కండక్టరు, "ఏమవ్వా, ఎమ్మిగనూరు గాలి పీల్సనీకి వచ్చినావా?" అన్నాడు.

మీటింగు రోజు బడి ముందర షామియానా వేశారు. టేబులు వెనక ఆఫీసర్లు, ఒక పక్క కంపెనీ మనిషి, ఇంకో పక్క ఖాకీ బట్టల్లో గార్డు. ఆడవాళ్లం వెనక కూర్చున్నాం. నేను కూర్చోలేదు, స్తంభం పట్టుకుని నిలబడ్డాను. నా పక్కన గోనెపట్టా కప్పిన గంప. మా తోడికోడలు నా చీర అంచు పట్టుకుని ఉంది, లేచి ఎటైనా పోతానేమోనని.

కంపెనీ మనిషి బాగా మాట్లాడాడు. తెర మీద మా కొండ బొమ్మ చూపించాడు, పైనుంచి తీసింది. ఎంత బాగుందో. నా చెట్లు వెతికాను, చీమల్లా ఉన్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టబోయాను. పెద్దాఫీసరు మైకు తీసుకుని, "ఎవరికైనా అభ్యంతరాలు ఉన్నాయా?" అన్నాడు. ఎవరూ లేవలేదు. "లేవని రాసుకోవచ్చా?" అన్నాడు.

మా తోడికోడలు చేతిలోంచి చీర లాక్కున్నాను. గంప ఎత్తుకుని పోయి టేబులు మీద పెట్టాను. గోనెపట్టా తీశాను.

"ఏంటమ్మా ఇది?"

"సీతాఫలం సామీ. ఆ కొండవి. నిన్న కోసినా."

గార్డు నన్ను కాదు, గంపను చూస్తున్నాడు.

"కొండకు ఎవరూ వెళ్లరని మీరే చెప్పినట్టు ఇక్కడ ఉంది కదా?"

"చెప్పినాం. నేనే చెప్పినా. ఆ పాప అడిగితే పోమని చెప్పినా. అబద్దం. ఆ పాప తప్పు లేదు, ఆ యమ్మ మంచిది, గింజలు కూడా కింద ఉమ్మలేదు."

ఎవరో నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. "అబద్ధం ఎందుకు చెప్పారు?"

"అడివిలోకి పోతామంటే పట్టుకుంటారు గదా సామీ. మా అత్తకు అదే నేర్పించినారు, ఆమె మాకు నేర్పించింది. హెలికాప్టరు కోసం అడుగుతాండారని మాకేం తెలుసు? గార్డు కోసం దాచుకున్న మాట పోయి హెలికాప్టరుకు చెప్పినాం."

ఆఫీసరు గార్డు వైపు తిరిగాడు. "నిజంగా వెళ్తారా వీళ్లు?"

వాడు ఏం చెప్పినా చిక్కే. పోతారంటే, చూసి ఊరుకున్నందుకు వాడికీ తిట్లే. పోరంటే నా గంప అబద్ధం. వాడు టోపీ తీశాడు, పెట్టుకున్నాడు.

"పోతారు సార్. ఈ కాలంలో ప్రతి పొద్దూ పోతారు" అన్నాడు.

నా ఒక్కదాని మాట సరిపోదు, ఇంకెవరైనా చెప్పాలన్నారు. వెనక్కి తిరిగి చూశాను. ఆడవాళ్లందరూ తలలు వంచుకుని చాప గీకుతున్నారు. చివరికి మా తోడికోడలు లేచింది. గొణుక్కుంటూ, నన్ను తిట్టుకుంటూ ముందుకు వచ్చి, రవిక చేతులు పైకి మడిచి మచ్చలు చూపించింది.

"సూడండి సార్. మునగచెట్టు కాదు. ఆ హెలికాప్టరు తిరిగితే లేసిన ఈగలు. డాక్టరమ్మకు కూడా అబద్దమే చెప్పినా, ఆ కాగితం కూడా దిద్దుకోండి."

ఒక గుమాస్తా మేము చెప్పింది రాసి, చదివి వినిపించాడు. అనుమతి లేకుండా రక్షిత అడవిలో ప్రవేశిస్తున్నట్టు ఈమె ఒప్పుకున్నది అని మొదలైంది. సీతాఫలం మాట ఉందా అని అడిగాను. ఉంది. ఈగల మాట? ఉంది. దారి? ఉంది. వేలిముద్ర వెయ్యమని ఇంకు పెట్టె జరిపాడు. పేరు రాస్తానన్నాను. నిలబడే రాశాను, అక్షరాలు గీత దాటి కిందికి జారాయి. అంతమంది నా కోసం ఆగడం అదే మొదటిసారి.

ఇంటికి పోయేటప్పుడు గార్డు బడి గేటు దగ్గర ఎదురయ్యాడు.

"ఇంక నిన్ను సూడనట్టు పోలేను గదా అవ్వా. కాగితమెక్కింది."

"నాకూ దాక్కునే పని లేదులే అప్పా" అన్నాను. అన్నాను గానీ ఆ వారమంతా ఎవరు తలుపు తట్టినా లేచి నిలబడ్డాను.

కేసు పెడతారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. హెలికాప్టర్లు వస్తాయో రావో అంతకన్నా తెలియదు. కొండను వాడేవాళ్లున్నారు కాబట్టి ఆ రిపోర్టు మళ్లీ రాయమన్నారు, అంతవరకే తెలుసు. ఏ మూల మిషను ఆడినా, బోరు బండి పోయినా నేను వాకిట్లోకి వచ్చి పైకి చూస్తాను.

నిన్న అదే పాప మళ్లీ వచ్చింది. ఈసారి అరుగు మీద కూర్చోలేదు. నాతో పాటు కొండకు వస్తానంది. కోపంగా ఉంటుందేమో అనుకున్నాను, లేదు. "మీ వల్ల నాకు ఆఫీసులో బాగా తిట్లు పడ్డాయి పెద్దమ్మా" అని మాత్రం అంది. నా దగ్గర గోనెపట్టా ఒకటే ఉంటే దానికే ఇచ్చాను. తేనె బండ దగ్గరికి వచ్చాక ఆగి, తన జడ వైపు చూపించాను. మల్లెపూలు తీసి ఆ చదును రాయి మీద పెట్టింది. నేను ముందు నడిచాను.

అవతలికి పోయాక పలక తీసింది.

"మీరు కొండ మీదికి వెళ్తుంటారా?" అంది. మొదటిసారి అడిగినట్టే, మర్యాదగా.

పోతామని చెప్పాను. ఏ చెట్టు దగ్గరికి ఏ రోజు పోతామో ఒక్కొక్కటే చేత్తో చూపిస్తూ చెప్పాను. తను రాస్తూ ఉంటే నేను తర్వాతి చెట్టు దగ్గరికి నడిచాను.